ఫోనులో నేర్చిన చదువు పురుడు పోస్తుందా?

మొన్న దసరా సెలవులకు మా అక్క కూతురు మా ఇంటికొచ్చింది. ఎంబీబీఎస్ చదువుతోంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచం మీద బోర్లా పడుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఫోను చూస్తోంది. సినిమా అనుకున్నాను. తొంగి చూస్తే రంగుల బొమ్మల్లో గర్భసంచి, అందులో తలకిందులుగా బిడ్డ! ఫోను నాకూ వినిపించేట్టు పెట్టమన్నాను. పాఠం చెప్పే ఆయన ఊపిరి తీసుకోకుండా గబగబా చెప్పుకుపోతున్నాడు.

"అంత తొందరేంటే ఆయనకి?" అన్నాను.

"ఆయన మంచిగనే చెప్పిండు చిన్నమ్మా. నేనే రెండింతల స్పీడు పెట్టిన. గంట పాఠం అర్ధగంటల అయిపోతది."

"ఏం పాఠం?"

"కాన్పు. నార్మల్ డెలివరీ."

నాకు నవ్వాగలేదు. "నిన్ను కనడానికి మీ అమ్మ ఒక పగలూ ఒక రాత్రీ నొప్పులు పడ్డదే! నువ్వేమో అర్ధగంటలో కానిచ్చేస్తున్నావా?" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆ పిల్ల రేపు డాక్టరవుతుంది. మన కూతుళ్లకో, కోడళ్లకో కాన్పు చేస్తుంది. ఫోనులో ఎంతవరకు నేర్చుకోవచ్చు? ఏది ఫోను నేర్పలేదు? ఈ ప్రశ్న డాక్టర్లకే వదిలేయదగ్గదా? మనకూ ఇందులో భాగం లేదా?

మన పాలమూరు వైపు వాళ్లకైతే ఇది మరీ ఇంటి ప్రశ్న. ఒకప్పుడు కాన్పు కష్టమైందంటే గద్వాల వాళ్లు కర్నూలుకు, నాగర్‌కర్నూలు, వనపర్తి వాళ్లు మహబూబ్‌నగర్‌కో హైదరాబాదుకో పరుగెత్తేవాళ్లు. 2016లో ఈ మూడు ఊళ్లూ జిల్లా కేంద్రాలయ్యాయి. అదే ఏడాది మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2022 నవంబర్ 15న వనపర్తి, నాగర్‌కర్నూలుతో కలిపి రాష్ట్రంలో ఒకేసారి ఎనిమిది వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. అప్పటి ముఖ్యమంత్రి హైదరాబాదులో కూర్చుని ఆన్‌లైన్లోనే వాటిని ప్రారంభించారు. ఎనిమిదింటికీ కలిపి 1150 సీట్లు. మన రెండు కాలేజీలకూ చెరో 150. ఆ తర్వాత 2024లో గద్వాలలోనూ 50 సీట్లతో కాలేజీ వచ్చింది.

పట్టుచీరలకు పేరున్న గద్వాలలో, సంస్థానం నాటి వనపర్తిలో, నల్లమల అంచున ఉన్న నాగర్‌కర్నూలులో మన పిల్లలు డాక్టరీ చదువుతున్నారంటే ఎంత సంబరం! ఆడపిల్లని దూరం పంపలేక సీటు వదులుకునే తల్లిదండ్రులు ఇక ఆ పని చేయనక్కర్లేదు. 2022లో చేరిన మొదటి బ్యాచ్ పిల్లలకు నాలుగున్నరేళ్ల చదువు 2027లో పూర్తవుతుంది. ఆ మీద ఏడాది హౌస్ సర్జన్సీ. అంటే వాళ్లు మన మంచాల పక్కకు రావడానికి ఎంతో కాలం లేదు.

అయితే కాలేజీ కట్టినంత తొందరగా పాఠం చెప్పేవాళ్లు దొరకరు. భవనానికి రెండేళ్లు పడితే, ఒక ప్రసూతి ప్రొఫెసరు తయారవడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. రాష్ట్రంలో పలు ప్రభుత్వ వైద్య కళాశాలలకు అధ్యాపకుల కొరత గురించి జాతీయ వైద్య కమిషన్ 2025లో షోకాజ్ నోటీసులిచ్చిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు. అలాంటి చోట పిల్లలు ఫోను పాఠాల వైపు చూడటంలో తప్పేముంది? 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి హాస్టళ్లు ఖాళీ చేయించినప్పుడు దేశంలోని వైద్య విద్యార్థులందరికీ చదువు నిలబెట్టింది ఆ ఫోనే కదా! పీజీ ప్రవేశ పరీక్ష కోసం పిల్లలు డబ్బు కట్టి చేరే యాప్‌లు ఇప్పుడు మొదటి ఏడాది నుంచే పక్కన ఉంటున్నాయి.

ఆన్‌లైన్ చదువంటే మొదట నాకూ చిన్నచూపే. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టరు డేవిడ్ కుక్, ఆయన తోటివాళ్లు 2008లో చేసిన ఒక విశ్లేషణ గురించి చదివాక నా అభిప్రాయం కొంత మారింది. వైద్యవిద్యలో ఇంటర్నెట్ పాఠాల మీద జరిగిన 201 అధ్యయనాలను వాళ్లు కలిపి చూశారు. అసలు పాఠమే లేకపోవడం కంటే ఇంటర్నెట్ పాఠం ఎన్నో రెట్లు మేలని, మామూలు పద్ధతిలో చెప్పిన పాఠంతో పోలిస్తే దాదాపు సమానమని తేలింది. కాబట్టి విషయం తెలుసుకోవడం వరకు ఫోను తక్కువదేం కాదు. గద్వాల హాస్టల్లో ఉన్న పిల్ల దేశంలోకెల్లా మంచి ప్రొఫెసరు పాఠం వినొచ్చు. అర్థం కాకపోతే పదిసార్లు వినొచ్చు. క్లాసులో చెయ్యెత్తి అడగడానికి జంకే తెలుగు మీడియం పిల్లకు అదెంత ఊరటో!

కొత్త సంగతులు కూడా తొందరగా చేరతాయి. ఉదాహరణకు, నొప్పులు మొదలయ్యాక గర్భాశయ ముఖద్వారం గంటకు ఒక సెంటీమీటరు చొప్పున తెరుచుకోవాలని ఏళ్ల తరబడి లెక్క ఉండేది. అంతకంటే నెమ్మదిగా సాగితే ఏదో తేడా ఉందని భయపడేవాళ్లు. ఆ లెక్క అందరు ఆడవాళ్లకూ వర్తించదని, తల్లీ బిడ్డా క్షేమంగా ఉంటే కేవలం ఆ కారణంతో తొందరపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. పాత పుస్తకం పట్టుకుని కూర్చున్న పిల్లకంటే ఫోనులో ఈ మాట విన్న పిల్ల మనకు మేలు చేస్తుంది.

ఇంకొకటి చెప్తాను. కాన్పు తర్వాత రక్తం ఎక్కువగా పోవడం తల్లుల ప్రాణం తీసే ముఖ్య కారణాల్లో ఒకటి. పోయిన రక్తాన్ని కంటితో చూసి అంచనా వేస్తే చాలాసార్లు ఉన్నదానికంటే తక్కువ అనిపిస్తుందట. అందుకని తల్లి నడుము కింద ఒక ప్లాస్టిక్ షీటు పరుస్తారు. దాని చివర కొలత గీతలున్న సంచి ఉంటుంది. ఎంత రక్తం పోయిందో అందులో తెలిసిపోతుంది. ఎక్కడో విదేశాల్లో కాదు, మన పొరుగున కర్ణాటకలోని బెళగావి పల్లెల్లో చేసిన పరిశోధనలో ఇలాంటి షీటు వాడారు. ఆ పరిశోధన 2006లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. తర్వాత నాలుగు ఆఫ్రికా దేశాల్లో ఈ షీటుతో రక్తస్రావాన్ని ముందే కనిపెట్టి, చేయాల్సిన చికిత్సలన్నీ వెంటవెంటనే చేస్తే తీవ్రమైన ప్రమాదాలు 60 శాతం తగ్గాయని 2023లో వెల్లడైంది. ఆ అధ్యయనంలో రెండు లక్షలకు పైగా కాన్పులు చూశారు. ఇలాంటి విషయం ఆన్‌లైన్ పాఠంగా వనపర్తిలోని పిల్లకు చేరితే రేపు ఒక తల్లి బతుకుతుంది. చప్పట్లు కొట్టాల్సిన విషయమే!

కానీ అదే అధ్యయనంలో మరో సంగతుంది. అక్కడి నర్సులకు, డాక్టర్లకు వీడియో చూపించి వదిలేయలేదు. వాళ్ల ఆసుపత్రుల్లోనే బొమ్మల మీద చేతులతో చేయించి నేర్పారు. ఫోను హద్దు ఎక్కడో ఇక్కడ తెలుస్తుంది.

మా అక్క కూతురే ఒప్పుకుంది. నెలలు నిండిన పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ ఎలా ఉందో తెలుసుకోవడానికి నాలుగు పద్ధతులున్నాయట. జర్మన్ డాక్టరు లియోపోల్డ్ పేరుతో చెప్తారు. పొట్ట పైభాగాన ఉన్నది తలా, పిరుదులా? వీపు ఎటువైపుంది, కాళ్లూ చేతులూ ఎటున్నాయి? కింద ఉన్నదేమిటి? తల కటిలోకి దిగిందా లేదా? "బొమ్మల ఎన్నిసార్లు చూసినా అంత తెలిసినట్టే ఉంటది చిన్నమ్మా. నిజంగ చెయ్యి పెడితే మొదటిసారి నాకేం తెల్వలే. అంత ఒకటే తీరు మెత్తగ ఉంది. తల అంటే గట్టిగ, గుండ్రంగ, కదిలిస్తే కదుల్తదని మేడమ్ నా చెయ్యి పట్టుకుని చూపిస్తే అప్పుడు తెలిసింది" అంది.

మన నాయనమ్మల కాలంలో మంత్రసానులకు అక్షరం ముక్క రాదు. కానీ చేతికి అన్నీ తెలిసేవి. వాళ్ల చేతుల్లో ఎందరో తల్లులు బతికారు, తెలియనితనం వల్ల ఎందరో పోయారు కూడా. అందుకని మళ్లీ ఆ రోజులు రావాలనడం లేదు. అక్షరం వచ్చిన చెయ్యి కావాలంటున్నాను. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి" అని సామెత కదా. పట్టే చెయ్యి అలవాటు పడాలంటే మంచం పక్కన నిలబడాలి. అర్ధరాత్రి మేలుకోవాలి. అరుపులు వినాలి, భయపడాలి, భయపడకుండా ఉండటం నేర్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఊరికే కూర్చుని కనిపెట్టుకుని ఉండటం నేర్చుకోవాలి. తొలిచూలు కాన్పుకు పన్నెండు గంటలు పట్టొచ్చు, అంతకంటే ఎక్కువా పట్టొచ్చు. రెండింతల స్పీడు పెట్టే బటన్ అక్కడ ఉండదు.

ఆ ఓపిక మన రాష్ట్రానికి ఎంత అవసరమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. మంచిదే. కానీ నూటికి దాదాపు 61 కాన్పులు ఆపరేషన్లే! దేశం మొత్తం మీద చూస్తే 21.5 శాతం. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. దేశంలో మనదే మొదటి స్థానం. దీనికి కారణాలు చాలా ఉన్నాయి. ముహూర్తాలు, భయాలు, డబ్బు, అన్నీ ఉన్నాయి. కానీ సహజ కాన్పును కళ్లారా చూడని, చేతులారా చేయని డాక్టరు కొంచెం ఆలస్యమైతే కత్తి వైపే చూస్తుందన్నది కూడా నిజం కాదా? సహజ కాన్పును వీడియోలోనే చూసిన తరం వస్తే ఆ 61 ఇంకా ఎక్కడికి పోతుందో!

ఈ సంగతి పెద్దలకూ తెలుసు. 2022లో యుక్రెయిన్‌లో యుద్ధం వచ్చి మన పిల్లలు ప్రాణాలు అరచేత పట్టుకుని ఇంటికొచ్చారు గుర్తుందా? చివరి ఏడాది చదువు ఇంటి నుంచి ఆన్‌లైన్లో ముగించుకున్నవాళ్లున్నారు. విదేశాల్లో అలా ముగించి పట్టా తెచ్చుకున్నవాళ్లు ఇక్కడి అర్హత పరీక్ష పాసై, మామూలుగా ఏడాది చేయాల్సిన ఇంటర్న్‌షిప్‌ను రెండేళ్లు చేయాలని జాతీయ వైద్య కమిషన్ అన్నది. మంచం పక్కన గడపని రోజులను మంచం పక్కనే పూరించుకోవాలని దాని అర్థం. యుద్ధంలో నలిగిన పిల్లలకే ఆ నియమం పెట్టినప్పుడు, యుద్ధమేమీ లేని మన ఊళ్లో అధ్యాపకుల ఖాళీలను వీడియోలతో పూడ్చితే ఎలా ఊరుకుంటాం?

ఇక, నేను అసలు చెప్పదలుచుకున్న మాట ఒకటుంది. ఏళ్ల క్రితం మా తమ్ముడి భార్య ఒక పెద్ద బోధనాసుపత్రిలో పురిటికి చేరింది. పక్కన తోడుగా నేనే ఉన్నాను. పొద్దున్నే ఎనిమిది మంది స్టూడెంట్లు మంచం చుట్టూ చేరారు. పరదా లాగలేదు. ఒకరి తర్వాత ఒకరు పొట్ట మీద చేతులు పెట్టి చూశారు. పైన నిలబడి ఒకాయన ఇంగ్లీషులో ఏదో చెప్తున్నాడు. ఎవరూ పిల్ల మొహం వైపు చూడలేదు. "చూడొచ్చా అమ్మా?" అని ఒక్కరడగలేదు. వాళ్లు పోయాక నా మరదలు గోడ వైపు తిరిగి, "నేనేమన్నా బొమ్మనా వదినా?" అని ఏడ్చింది.

ఆ రాత్రి ఆ ఎనిమిది మందిలో ఒకమ్మాయి ఒంటరిగా మళ్లీ వచ్చింది. "అక్కా, పొద్దున నాకు సరిగ్గ తెలియలేదు. ఇంకోసారి చూడొచ్చా? వద్దంటే పోతాను. చెయ్యి చల్లగుంటదని రుద్దుకొచ్చిన" అంది. మరదలు తలూపింది. ఆ పిల్ల నెమ్మదిగా చెయ్యి పెట్టి, కాసేపటికి, "ఇదిగో అక్కా, ఇది మీ పాప వీపు" అని మరదలి చెయ్యి తీసుకుని అక్కడ పెట్టింది. ఇద్దరూ నవ్వారు. ఆ అమ్మాయి పేరు అడగలేదని ఇప్పటికీ బాధపడతాను.

తల్లిని అడగకుండా నేర్చుకున్న విద్యకూ, అడిగి నేర్చుకున్న విద్యకూ తేడా అదే. వైద్యవిద్యలో మర్యాద, నీతి, రోగితో మాట్లాడే తీరు పాఠాలుగా చెప్పాలని 2019 నుంచి నియమం వచ్చింది. సంతోషం. అయితే మర్యాద కూడా తెర మీద చూసి పరీక్ష రాసేదైతే ఏం లాభం? పరదా లాగడం, పేరు పెట్టి పిలవడం, ముందు అడగడం పెద్ద డాక్టరు చేస్తుంటే చిన్న డాక్టరు చూసి నేర్చుకోవాలి.

తెర వచ్చాక మనకు కొత్త భయం కూడా వచ్చింది. ఆన్‌లైన్ పాఠానికి వీడియో కావాలి. మరి ఆ వీడియోలో ఉండేది ఎవరు? 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో ఆడవాళ్లను పరీక్షిస్తున్న సీసీటీవీ దృశ్యాలు బయటికి పోయి ఇంటర్నెట్లో అమ్మకానికొచ్చాయని తెలిసి దేశమంతా ఉలిక్కిపడింది. అది పాఠం కోసం తీసిన వీడియో కాదు. అయినా కాన్పు గదిలో కెమెరా ఉంటే ఎంత దూరం పోతుందో మనకు తెలిసొచ్చింది. నొప్పులు పడుతున్న తల్లి చేతికి కాగితమిచ్చి వేలిముద్ర వేయించుకుంటే అది ఒప్పుకోలు అవుతుందా? ఒప్పుకోలు నొప్పులు రాకముందే, నెలనెలా చూపించుకోవడానికి వచ్చినప్పుడు, ఆమె భాషలో చెప్పి తీసుకోవాలి. అమ్రాబాద్ అడవిలోని చెంచు తల్లికైనా, హైదరాబాదులోని ఆఫీసరమ్మకైనా అదే పద్ధతి ఉండాలి. వద్దంటే వైద్యంలో ఏ లోటూ రాకూడదు. బొమ్మలతో, నటనతో తీయగలిగిన పాఠానికి మనిషిని చూపించనే కూడదు.

అలా తీయడానికి దారులు లేకపోలేదు. కాన్పు నేర్పడానికి నడుముకు కట్టుకునే బొమ్మలొచ్చాయి. మామా నటాలీ అని ఒకటుంది. ఒకరు దాన్ని కట్టుకుని తల్లిలా నటిస్తారు. అందులోంచి బిడ్డ బయటికి వస్తుంది, మాయ పడుతుంది, రక్తం కారినట్టు కూడా చేయవచ్చు. విద్యార్థి పొరపాటు చేస్తే నష్టపోయేది బొమ్మే. ప్రతి వైద్య కళాశాలలో ఇలాంటి అభ్యాసానికి స్కిల్ ల్యాబ్ ఉండాలని నియమం కూడా ఉంది. ముందు ఫోనులో పాఠం, తర్వాత బొమ్మ మీద చెయ్యి, ఆపైన పెద్ద డాక్టరు పక్కన ఉండగా, తల్లిని అడిగి, మనిషి మీద చెయ్యి. ఈ మూడు మెట్లూ ఎక్కాలి. మొదటి మెట్టు చవక కదా అని అక్కడే ఆగిపోతే ఒప్పుకోకూడదు.

అందుకని మన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పెద్దలను అడుగుదాం. ఫోను పాఠాలు పెట్టండి, హాస్టళ్లలో మంచి ఇంటర్నెట్ ఇవ్వండి. కానీ ప్రసూతి విభాగంలో ఖాళీలు ముందు నింపండి. రాత్రి డ్యూటీలో పిల్లల వెంట నేర్పే డాక్టరు ఉండేలా చూడండి. ఆపరేషన్ లేకుండా కాన్పు చేయడంలో చేయి తిరిగిన నర్సమ్మల దగ్గర కూడా పిల్లల్ని నేర్చుకోనివ్వండి. అందులో చిన్నతనమేమీ లేదు.

మనం చేయాల్సింది కూడా ఉంది. స్టూడెంట్లంటే మొహం చిట్లించి, "పెద్ద డాక్టరే రావాలి" అనడం మనకు అలవాటు. అందరం అలాగే అంటే రేపటి పెద్ద డాక్టరు ఎక్కణ్నుంచి వస్తుంది? ఒక పిల్ల మర్యాదగా వచ్చి, పరదా లాగి, "చూడొచ్చా అమ్మా?" అని అడిగితే, మనసొప్పితే సరేననండి. అడగకుండా చెయ్యి వేస్తే మాత్రం, "ముందు నీ పేరు చెప్పు తల్లీ" అనండి. కోపంగా అక్కర్లేదు, మామూలుగానే అనండి. ఆ ఒక్క మాటతో ఆ పిల్లకు ఏ ప్రొఫెసరూ చెప్పని పాఠం చెప్పినవాళ్లమవుతాం.

సెలవులయ్యాక మా అక్క కూతురు బ్యాగు సర్దుకుంటుంటే, దాని చేతిలో సకినాలు, అరిసెల డబ్బా పెట్టి చెప్పాను. "ఫోనులో ఎంత స్పీడైనా పెట్టుకోవే. కానీ వార్డులో కూర్చున్నప్పుడు మాత్రం ఆ తల్లితో పాటే కూర్చో. చేతులు రుద్దుకుని మరీ ముట్టుకో" అని.

"సరే చిన్నమ్మా" అంది. బస్సెక్కి కిటికీలోంచి చెయ్యూపింది.